‘ఇదెందుకు కట్టార్రా?’ అని నాన్నగారు అడిగితే

మీరు అడిగింది ఇదీ: అమ్మానాన్నలు జూన్‌లో వస్తున్నారు. న్యూయార్క్, వాషింగ్టన్, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో చూపించాలి. పోయినసారి లిబర్టీ విగ్రహం దగ్గర నాన్నగారు “ఇదెందుకు కట్టార్రా?” అంటే “ఫ్రాన్స్ వాళ్లు గిఫ్ట్ ఇచ్చారు నాన్నా” అని తప్పించుకున్నారు. ఈసారి కాస్త సరుకున్న జవాబు చేతిలో ఉండాలంటున్నారు.

నేనీ దేశం వచ్చి ఇరవై ఆరేళ్లయింది. మొదట న్యూజెర్సీలో, తర్వాత బే ఏరియాలో ఉద్యోగం. వేసవి వచ్చిందంటే వ్యాను తీసి, మనవాళ్ల అమ్మానాన్నలనీ అత్తమామలనీ ఊళ్లు తిప్పడం నాకో వ్యసనంలా పట్టుకుంది. మొదటి రెండు మూడేళ్లు నేనూ అందరిలాగే ఎత్తెంత, బరువెంత, ఎన్నేళ్లు పట్టింది అని గడగడా అప్పజెప్పేవాణ్ని. పెద్దవాళ్లు మర్యాదకి తలూపి, “బాత్రూమ్ ఎటు బాబూ?” అనేవారు.

నాకు బుద్ధి చెప్పింది ఒక రిటైర్డ్ తహశీల్దారు గారు. సెంట్రల్ పార్క్‌లో బెంచీ మీద కూర్చుని, చుట్టూ ఉన్న మేడల్ని ఒకసారి కలయజూసి, “ఇంత స్థలం ఊరి నడిబొడ్డున ఖాళీగా ఎలా దొరికిందయ్యా? అంతకుముందు ఇది ఎవరి భూమి?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి చదివాక తెలిసింది, ఆయన సరిగ్గా చేయి పెట్టాల్సిన చోటే పెట్టారని.

ఆ 843 ఎకరాలు ఖాళీగా లేవు. ఇప్పటి 82వ వీధికీ 89వ వీధికీ మధ్య, పార్కు పడమటి పక్కన, సెనెకా విలేజ్ అని ఒక ఊరుండేది. 1825లో ఆండ్రూ విలియమ్స్ అనే నల్లజాతి యువకుడు, బూట్లు పాలిష్ చేసుకుని బతికేవాడు, 125 డాలర్లకి మూడు ప్లాట్లు కొన్నాడు. అక్కడి నుంచి ఊరు పెరిగింది. మూడు చర్చిలు, ఒక బడి, 1855 నాటికి రెండొందల పైచిలుకు జనం. అప్పట్లో న్యూయార్క్‌లో నల్లజాతి మగవాడికి ఓటు రావాలంటే 250 డాలర్ల ఆస్తి చూపించాలి. అంటే ఆ ప్లాటు ఇంటి జాగా మాత్రమే కాదు, ఓటు కూడా. 1853లో రాష్ట్రం పార్కు కోసం చట్టం చేసింది, భూసేకరణ మొదలైంది, 1857 కల్లా ఊరు ఖాళీ చేయించారు. పార్కు జాగా మొత్తం మీద లేచిపోయినవాళ్లు దాదాపు 1,600 మంది.

ఇదంతా చదివి తహశీల్దారు గారికి ఫోన్ చేస్తే, ఆయన మొదటి ప్రశ్న: “కాంపెన్సేషన్ ఎంతిచ్చారు?” విలియమ్స్ 3,500 డాలర్లు అడిగితే 2,335 ఇచ్చారు. “మరి ఎక్కడైనా అంతేగా,” అన్నారాయన.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చేశాను. మనం టికెట్ కొని చూసే చోట్లలో చాలావాటిని చూసేవాళ్ల కోసం కట్టలేదు. ఎవరికో ఒక అవసరం, ఎవరిదో వ్యాపారం, ఎవరిదో తగాదా. ఆ గొడవ తాలూకు గుర్తు ఎక్కడో ఒక మూల మిగిలే ఉంటుంది. అమ్మానాన్నలకి ఆ మూల చూపిస్తే చాలు, మిగతా ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. భూసేకరణ, చందాలు, ఉల్లిపాయల ధర, నీళ్ల తగాదా: ఇవి వాళ్లకి మనకంటే బాగా తెలిసిన విషయాలు.

ఇక లిబర్టీ. “గిఫ్ట్” అన్నది తప్పు కాదు, సగం నిజం. శిల్పి బార్తోల్డి 1869లో ఈజిప్టు పాలకుడి దగ్గరికి ఒక ప్లాన్ పట్టుకెళ్లాడు: సూయజ్ కాలువ మొగలో, చేతిలో దీపం పట్టుకున్న భారీ స్త్రీ విగ్రహం, లైట్‌హౌస్‌గా. ఈజిప్టు దగ్గర డబ్బు లేదు, ఆ ప్లాన్ అక్కడే ఆగిపోయింది. అమెరికాకి ఒక కానుక ఇవ్వాలన్న ఆలోచన మాత్రం లబులాయె అనే ఫ్రెంచి మేధావిది. ఇక్కడ బానిసత్వం రద్దయిన 1865 నాటి ముచ్చట అది. అందుకే అమ్మవారి కాళ్ల దగ్గర తెగిన గొలుసులుంటాయి. కింద నిలబడితే అవి కనపడవు, ఎవరూ చెప్పరు కూడా.

విగ్రహం ఖర్చు ఫ్రాన్స్ జనానిది, కింద పీఠం ఖర్చు అమెరికా వాళ్లది. ఇక్కడే చిక్కొచ్చింది. న్యూయార్క్ ధనవంతులు జేబులో చేయి పెట్టలేదు, పని ఆగిపోయింది. అప్పుడు 1885లో పులిట్జర్ తన పేపర్లో ఒక ఎత్తు వేశాడు: ఎంత తక్కువ ఇచ్చినా సరే, ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరూ అచ్చేస్తా అన్నాడు. ఐదు నెలల్లో లక్ష డాలర్లు దాటాయి. ఇచ్చినవాళ్లు లక్షా ఇరవై వేల మందికి పైనే, అందులో ఎక్కువమంది ఒక డాలరు లోపు ఇచ్చినవాళ్లు. మా ఊరి రామాలయం గోడ మీద “రూ.116” అని మా తాతగారి పేరు ఇప్పటికీ ఉంది. ఈ కథ చెప్పగానే పెద్దవాళ్లకి లిబర్టీ ఎక్కడో దూరాన ఉన్న విగ్రహం అనిపించదు.

దాని రంగు గురించి తప్పకుండా అడుగుతారు. అది రాగి, పచ్చ పెయింట్ కాదు. రేకు మందం 2.4 మిల్లీమీటర్లే. 1886 అక్టోబర్ 28న ఆవిష్కరించినప్పుడు కొత్త చెంబులా మెరిసేది. 1920 ప్రాంతానికి మొత్తం చిలుము పట్టేసింది. 1906లో పెయింట్ వేసేద్దామని ప్రభుత్వం అనుకుంటే జనం ఊరుకోలేదు. ఆ చిలుమే లోపలి రాగిని కాపాడుతోంది. ఒక గుంటూరు అమ్మమ్మగారు ఇదంతా శ్రద్ధగా విని, “చింతపండు పెట్టి తోమితే పోతుందిగా నాయనా,” అన్నారు. పడవలో ఉన్న తెలుగువాళ్లందరూ నవ్వారు కానీ ఆవిడ సీరియస్‌గానే అన్నారు.

ద్వీపం మీద మ్యూజియంలో పాత కాగడా పెట్టారు. అదే నేను చూపించే మూల. 1916లో దీపం బాగా కనపడాలని రాగిని కోసి గాజు పలకలు బిగించారు. వాటి సందుల్లోంచి వాన నీళ్లు దిగి లోపల తుప్పు పట్టింది. 1980లలో దాన్ని దింపి కొత్తది పెట్టారు. ఇంకో మాట: పడవ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో, అధికారిక ఫెర్రీదే కొనండి. రేవు దగ్గర జాకెట్లు వేసుకుని ఎదురొచ్చే ఏజెంట్ల మాట నేను మొదటిసారి నమ్మాను. పడవ విగ్రహం చుట్టూ ఒక చుట్టు తిప్పి వెనక్కి తెచ్చేసింది, కిందికి దించనే లేదు. ఆ రోజు మా మామగారి ముఖం ఇప్పటికీ గుర్తు.

టైమ్స్ స్క్వేర్‌కి అరగంట చాలు. 1904 దాకా దాని పేరు లాంగేకర్ స్క్వేర్, గుర్రపు బగ్గీల వ్యాపారం జరిగే చోటు. న్యూయార్క్ టైమ్స్ అక్కడ మేడ కట్టుకోగానే పేరు మారింది.

వాషింగ్టన్‌లో మ్యూజియాలు ఎన్నయినా ఉన్నాయి, అవి మీరే చూసుకోండి. నేను చెప్పేది ఆ ఎత్తయిన రాతి స్తంభం గురించి, వాషింగ్టన్ మాన్యుమెంట్. ఎండ బాగా ఉన్నప్పుడు దూరంగా నిలబడి చూడండి. కింది నుంచి పావు వంతు పైన, సుమారు 150 అడుగుల దగ్గర, రాయి రంగు తేడాగా ఉంటుంది. ఒకసారి చూశాక కళ్లకి అదే కనపడుతుంది. 1848లో చందాలతో మొదలుపెట్టారు. పోప్ పంపిన రాయిని 1854లో, వలసవాళ్లంటే, క్యాథలిక్కులంటే పడని ‘నో నథింగ్’ పార్టీ మనుషులు రాత్రికి రాత్రి ఎత్తుకెళ్లారు. తర్వాత ఆ నిర్మాణ సంఘాన్నే చేజిక్కించుకున్నారు. చందాలు ఆగాయి, పని ఆగింది, ఆపైన అంతర్యుద్ధం వచ్చింది. రాజధాని నడిమధ్యన ఆ మొండి స్తంభం ఇరవై ఏళ్లకి పైగా అలాగే నిలబడింది, పక్కన పశువులు మేశాయి. మన దగ్గర సగంలో ఆగిపోయిన ఫ్లైఓవర్ పిల్లర్లు చూసినవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు. చివరికి ఆర్మీ ఇంజనీర్లు చేతిలోకి తీసుకున్నారు కానీ పాత క్వారీ రాయి దొరకలేదు, వేరే చోటి నుంచి తెచ్చారు. రంగు తేడా అందుకే. 1884లో పూర్తయినప్పుడు 555 అడుగులతో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడం. ఐదేళ్లకే ఈఫిల్ టవర్ దాన్ని దాటేసింది. కొసన పెట్టిన చిన్న పిరమిడ్ అల్యూమినియంది. అప్పట్లో ఆ లోహం అంత అపురూపం. మనింట్లో గిన్నెలు చేసే అల్యూమినియమే!

షికాగో మీకు మంచి రోజు అవుతుంది, కాస్త టైమ్ పెట్టుకోండి. అందరూ ముందు చిక్కుడుగింజ ఆకారంలో ఉండే ‘బీన్’ శిల్పం దగ్గర సెల్ఫీలకి పరిగెడతారు. సరే, తీసుకోండి. చేసిన అనీష్ కపూర్ పుట్టింది బొంబాయిలో. 168 స్టెయిన్‌లెస్ స్టీల్ పలకలు కలిపి, అతుకు కనపడకుండా నునుపు చేశారు. మీరు నిలబడిన నేల కింద కారు పార్కింగూ రైలు పట్టాలూ ఉన్నాయి. ఆ మిలీనియం పార్కు మొత్తం రైల్వే యార్డు మీద వేసిన మూత లాంటిది. 2000 సంవత్సరం కోసం అనుకుంటే 2004లో తెరిచారు.

అక్కడి నుంచి మిషిగన్ అవెన్యూ దాటకుండా దక్షిణం వైపు ఐదు నిమిషాలు నడిస్తే, ముందు రెండు కంచు సింహాలున్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వస్తుంది. ఆ మేడలోనే 1893 సెప్టెంబర్ 11న విశ్వమత సభలో వివేకానందుడు “అమెరికా సోదరీ సోదరులారా” అన్నది. వీధి స్తంభాల మీద గోధుమ రంగు బోర్డు వెతకండి, ‘స్వామి వివేకానంద వే’ అని ఉంటుంది. ఆయన మాట్లాడిన హాలు మాత్రం ఇప్పుడు లేదు, అది సభల కోసం తాత్కాలికంగా వేసింది. నాన్నగారికి ఇంకో సంగతి చెప్పండి: అంతకు ఏడు నెలల ముందు, 1893 ఫిబ్రవరి 13న, సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ఆయన ఇంగ్లీషులో ఉపన్యాసం ఇచ్చారు. విషయం, తాను పడమటి దేశాలకి ఎందుకు వెళ్లదలిచాడన్నదే. ఒకసారి నా వ్యానులో ఆ కాలేజీలో చదువుకున్న పెద్దాయనే ఉన్నారు. మెట్ల దగ్గర చెప్పులు విప్పబోయారు. “ఇది మ్యూజియం అండీ” అని నేనే ఆపాను. ఆపకుండా ఉండాల్సింది అని తర్వాత అనిపించింది.

ఆ సభ ఎందుకు జరిగిందంటే, ఆ ఏడు షికాగోలో పెద్ద ప్రపంచ ఎగ్జిబిషన్. అసలు ఎగ్జిబిషన్ జరిగింది ఊరికి దక్షిణాన జాక్సన్ పార్క్‌లో. పారిస్ వాళ్ల ఈఫిల్ టవర్‌ని మించింది ఏదైనా పెట్టాలని పంతం పట్టారు. ఫెర్రిస్ అనే వంతెనల ఇంజనీరు 264 అడుగుల చక్రం నిలబెట్టాడు. 36 పెట్టెలు, ఒక్కో దాంట్లో 60 మంది. మన జాతరల్లో, నాంపల్లి ఎగ్జిబిషన్‌లో ఎక్కే జెయింట్ వీల్‌కి పెద్దన్న అదే. ఆ అసలు చక్రాన్ని 1906లో సెయింట్ లూయిస్‌లో డైనమైట్ పెట్టి పేల్చేసి తుక్కు కింద అమ్మేశారు. నేవీ పియర్‌లో ఇప్పుడున్నది దాని గుర్తుగా పెట్టింది.

సాయంత్రం పడవ టూర్ ఎక్కండి. గైడ్ మేడల గురించే చెబుతాడు, మీరు నీళ్లు చూడండి. ఈ నది ఒకప్పుడు లేక్ మిషిగన్‌లోకి పారేది. ఊరి మురుగు నదిలోకి, నది సరస్సులోకి, తాగే నీళ్లు మళ్లీ అదే సరస్సు నుంచి. టైఫాయిడ్ ఊరికే వస్తుందా మరి! అందుకని 28 మైళ్ల కాలువ తవ్వి, నదిని వెనక్కి తిప్పేశారు. అది ఇక సరస్సులోకి పోదు, మురుగుతో సహా మిసిసిపి వైపు పోతుంది. కింద సెయింట్ లూయిస్ ఉంది, వాళ్లు ఒప్పుకుంటారా? కోర్టుకి పోయేలోపే పని కానిచ్చేయాలని 1900 జనవరి 2 పొద్దున్నే, పెద్ద ఆర్భాటం లేకుండా, గట్టు తెంచి నీళ్లు వదిలేశారు. అదే నెలలో మిజోరి రాష్ట్రం సుప్రీంకోర్టులో కేసు వేసింది. 1906లో ఓడిపోయింది. పై రాష్ట్రం, కింది రాష్ట్రం, ట్రిబ్యునల్ లాంటి మాటలు వింటూ ముసలివాళ్లయినవాళ్లు ఈ కథకి కుర్చీ అంచున కూర్చుంటారు. నా అనుభవంలో ఏ మేడ కథా ఇంత పండలేదు.

విల్లిస్ టవర్ ఎక్కేవాళ్లు గాజు పెట్టెలో నిలబడి ఫొటో దిగుతారు. ఎక్కేముందు ఒకసారి బయట నిలబడి చూడండి. అది ఒక మేడ కాదు, తొమ్మిది చదరపు గొట్టాలు కట్టగట్టినట్టుంటుంది. కొన్ని 50వ అంతస్తు దగ్గర ఆగుతాయి, కొన్ని 66, కొన్ని 90. రెండు మాత్రమే చివరిదాకా పోతాయి. ఒంటరి పుల్లని గాలి వంచేస్తుంది, కట్టని వంచలేదు. ఆ లెక్క వేసింది ఫజ్లుర్ ఖాన్, ఢాకాలో పుట్టి కలకత్తా దగ్గర శిబ్‌పూర్‌లో ఇంజనీరింగ్ చదివినవాడు. 1973 నుంచి పాతికేళ్లు అదే ప్రపంచంలో ఎత్తయిన మేడ.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆల్కట్రాజ్ వదలకండి. జైలు చూసేదేమిటని కొందరు పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. పడవ దిగేచోట పైకి చూపించండి. జైలు బోర్డు మీద ఎర్ర పెయింట్‌తో, చేత్తో రాసిన అక్షరాలు: ‘ఇండియన్స్ వెల్కమ్’. మా బాబాయి అయితే అది చదివి, “మనకి స్వాగతం రాశార్రా!” అని ఫోన్ తీసి ఫొటో దిగారు. మన ఇండియన్స్ కాదు బాబాయ్, ఈ నేల అసలు మనుషులు అని చెప్పాల్సొచ్చింది. ఆ ఒక్క బోర్డు పట్టుకుంటే కథ మొత్తం చెప్పొచ్చు.

అది మొదట సైన్యం కోట, తర్వాత సైనిక జైలు. 1895లో హోపీ తెగ మగవాళ్లు 19 మందిని తెచ్చి ఇక్కడ పెట్టారు. వాళ్ల నేరం, పిల్లల్ని ప్రభుత్వ బోర్డింగ్ స్కూళ్లకి పంపం అనడం, తమ పొలాల పద్ధతి మార్చుకోం అనడం. 1934లో అది ఫెడరల్ జైలైంది. గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ ఉన్నది అప్పుడే. 1962 జూన్‌లో ముగ్గురు తప్పించుకున్నారు: స్పూన్లతో గోడ తవ్వి, సబ్బు, కాగితం కలిపి బొమ్మ తలలు చేసి, వాటికి మంగలిషాపు నుంచి తెచ్చిన వెంట్రుకలు అతికించి, మంచాల మీద పడుకోబెట్టి, వానకోట్లతో కుట్టిన తెప్ప మీద పోయారు. మళ్లీ ఎవరికీ దొరకలేదు. సినిమాల పుణ్యమా అని జైలు మూసింది ఈ పరారీ వల్లే అనుకుంటారు. అసలు కారణం ఖర్చు. ద్వీపంలో మంచినీళ్ల చుక్క లేదు. వారానికి దాదాపు పది లక్షల గ్యాలన్లు బార్జీల మీద మోయాలి. 1959 లెక్క ప్రకారం అట్లాంటా జైల్లో ఒక ఖైదీకి రోజుకి 3 డాలర్లయితే ఇక్కడ 10 డాలర్ల 10 సెంట్లు. ఉప్పుగాలి గోడల్ని కూడా తినేసింది. 1963 మార్చిలో తాళం వేశారు.

ఖాళీగా పడున్న ద్వీపాన్ని 1969 నవంబర్ 20న రకరకాల తెగల యువకులు, విద్యార్థులు వచ్చి ఆక్రమించారు. దీన్ని మేం కొనుక్కుంటాం, 24 డాలర్ల విలువ చేసే గాజుపూసలూ ఎర్రగుడ్డా ఇస్తాం అన్నారు. మన్‌హట్టన్‌ని తెల్లవాళ్లు కొన్నామని చెప్పుకునే ధర అదే మరి! పంతొమ్మిది నెలలున్నారు. ప్రభుత్వం కరెంటు ఆపింది, నీళ్లు ఆపింది. 1971 జూన్‌లో మిగిలిన పదిహేను మందిని మార్షల్స్ వచ్చి దించేశారు. ఓడిపోయారనుకోవచ్చు. కానీ తెగల గుర్తింపు రద్దు చేసి వాళ్లని కలిపేసుకునే విధానాన్ని 1970లోనే అధ్యక్షుడు నిక్సన్ పక్కన పెట్టాడు. నీళ్ల ట్యాంకు మీద వాళ్లు రాసిన రాతలు చెరిగిపోతే, 2012లో పార్కు శాఖే మళ్లీ రంగు వేయించింది. పైన లైట్‌హౌస్ పక్కన కప్పులేని గోడలు కనిపిస్తాయి. అది వార్డెన్ ఇల్లు, ఆ ఆక్రమణ రోజుల్లోనే, 1970లో, తగలబడింది.

అక్కడి నుంచే కనిపించే ఇంకో ద్వీపం ఏంజిల్ ఐలాండ్. వలస వచ్చినవాళ్లని తనిఖీ చేసిన న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్ అందరికీ తెలుసు, దాని పడమటి కోస్తా తోబుట్టువు ఇది. పోలిక అక్కడితో సరి. ఎల్లిస్‌లో చాలామంది కొన్ని గంటల్లో బయటపడేవారు. ఇక్కడ 1910 నుంచి 1940 దాకా చైనా వాళ్లని వారాలు, నెలలు కూర్చోబెట్టి, ఇంటికి ఎన్ని మెట్లు, పక్కింట్లో ఎవరు అని ప్రశ్నలు వేశారు. వాళ్లు చెక్క గోడల మీద కవితలు చెక్కారు, ఇప్పటికీ చేత్తో తడమొచ్చన్నట్టు కనిపిస్తాయి. మనవాళ్లు, ముఖ్యంగా పంజాబీ రైతులు, కూడా ఈ గదుల్లోంచే వచ్చారు, కొందరు వెనక్కీ పోయారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే 1913లో, బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ గదర్ పార్టీ ఆఫీసు పెట్టి పత్రిక నడిపింది. అందులో మన కనిగిరి దరిశి చెంచయ్య గారు ఉన్నారు, చదువుకోవడానికి వచ్చి ఉద్యమంలో దిగినవాడు. వుడ్ స్ట్రీట్‌లో గదర్ స్మారక భవనం ఉంది. బయట నుంచి చిన్న మేడ, దాటిపోతాం. కనిగిరి వైపు వాళ్లయితే ఒక్క నిమిషం కారాపండి.

గోల్డెన్ గేట్ వంతెన గురించి ఒక ప్రశ్న ఖాయం: “గోల్డెన్ అని ఎర్రగా ఉందేమిటి?” గోల్డెన్ గేట్ వంతెన పేరు కాదు, ఆ సముద్రపు సందు పేరు. 1846లో, ఇక్కడ బంగారం దొరక్కముందే పెట్టారు. ఉక్కు దిగినప్పుడు దాని మీద తుప్పు పట్టకుండా వేసిన ఎర్ర ప్రైమర్ చూసి ఆర్కిటెక్ట్ మారో, ఇదే బాగుంది అన్నాడు. నేవీ వాళ్లు మాత్రం ఓడలకి కనపడాలి, నలుపు పసుపు చారలు వేయండి అన్నారట. తలుచుకుంటేనే ఆటో గుర్తొస్తోంది.

ఐటీలో పనిచేస్తున్నారు కాబట్టి మీకు ఇంకో కథ. వంతెన దగ్గర స్ట్రాస్ విగ్రహం ఉంటుంది, చీఫ్ ఇంజనీరు. కానీ కూర్చుని లెక్కలు కట్టింది చార్లెస్ ఎల్లిస్ అనే ప్రొఫెసర్. ఆలస్యం చేస్తున్నాడని 1931 చివర్లో స్ట్రాస్ ఆయన్ని తీసేశాడు. జీతం లేకపోయినా ఎల్లిస్ ఇంట్లో కూర్చుని నెలల తరబడి ఆ లెక్కలు సరిచూస్తూనే ఉన్నాడు. 1937లో వంతెన తెరిచినప్పుడు పలక మీద ఆయన పేరు లేదు. 2012లో, 75 ఏళ్లకి, పెట్టారు. రిలీజ్ మెయిల్‌లో మన పేరు లేని రోజున నాకు ఎల్లిస్ గుర్తొస్తాడు.

కేబుల్ కారు క్యూ గంట, ప్రయాణం పావుగంట. ఆ క్యూ బదులు వాషింగ్టన్, మేసన్ వీధుల మూల మీద మ్యూజియం ఉంది, ఉచితం. లోపల పెద్ద పెద్ద చక్రాలు తిరుగుతుంటాయి, ఊరంతా నేల కింద పరిగెత్తే తాళ్లని లాగేది అవే. కారులో ఇంజను ఉండదు. గ్రిప్ అనే పట్టకారుతో ఆ తాడుని పట్టుకుంటే కదులుతుంది, వదిలి బ్రేకేస్తే ఆగుతుంది. బండి లేనప్పుడు కూడా వీధి మధ్య గాడి దగ్గర చెవిపెడితే చప్పుడు వినిపిస్తుంది. 1873లో మొదలైన వీటిని 1947లో మేయరు తీసేసి బస్సులు పెడతానన్నాడు. ఫ్రీడెల్ క్లుస్మన్ అనే ఆవిడ ఆడవాళ్లని కూడగట్టి, ఓటింగ్‌కి తెచ్చి, గెలిచింది. ఆవిడ లేకపోతే ఈ క్యూనే లేదు.

మీ లిస్టులో లేవు గానీ వీలైతే రెండు. సియాటిల్ పైక్ ప్లేస్ మార్కెట్‌లో అందరూ ఎగిరే చేపల్ని, మొదటి స్టార్‌బక్స్‌ని చూస్తారు. ఆ షాపు 1976లో వేరే చోటి నుంచి అక్కడికి మారింది, కాబట్టి గంట సేపు క్యూలో నిలబడకండి. అసలు మార్కెట్ పుట్టింది ఉల్లిపాయల వల్ల. 1906, 1907 మధ్య ఉల్లి ధర పదింతలైంది. దళారులు తింటున్నారని జనం గోల పెడితే, రైతులే బండి తెచ్చుకుని నేరుగా అమ్ముకోండని 1907 ఆగస్టు 17న చోటు చూపించారు. వచ్చింది పది బండ్లు కూడా లేవేమో, మధ్యాహ్నంలోపే సరుకు ఖాళీ. మన రైతు బజార్లు 1999లో వచ్చింది కూడా ఈ దళారుల గోలతోనే. తర్వాత్తర్వాత అక్కడ కూరలమ్మేవాళ్లలో ఎక్కువమంది జపాన్ సంతతి రైతులే అయ్యారు. 1942లో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, వాళ్లని నిర్బంధ క్యాంపులకి తోలేశాక బల్లలు ఖాళీ అయిపోయాయి. మార్కెట్‌ని కూలగొడతామంటే 1971లో ఊరు ఓటేసి కాపాడుకుంది.

రెండోది లాస్ ఏంజెలిస్ కొండ మీది హాలీవుడ్ అక్షరాలు. 1923లో అవి సినిమా కోసం పెట్టలేదు. ‘హాలీవుడ్‌ల్యాండ్’ అని ప్లాట్లమ్మే వెంచర్ బోర్డు అది! ఏడాదిన్నర ఉంచి తీసేద్దామనుకున్నారు. 1949లో చివరి నాలుగక్షరాలు తీసేశారు, 1978లో కొత్తవి నిలబెట్టారు. శంషాబాద్ రోడ్డులో వెంచర్ బోర్డులు చూసిన మా బావమరిది ఆ కొండ కింద నిలబడి, “గజం ఎంతంట బావా?” అన్నాడు.

ఆల్కట్రాజ్ టికెట్లు వారాల ముందే అయిపోతాయి, ఇవాళే చూడండి. రేవు నుంచి జైలు దాకా ఏటవాలు ఎక్కుడు, నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే అక్కడ ఉచితంగా చిన్న ట్రామ్ ఉంటుంది, దిగగానే రేంజర్‌ని అడగండి. జూన్ కదా అని స్వెటర్లు ఇంట్లో వదిలేయకండి. ఆ నెలలో ఆ పడవ మీద వణకనివాణ్ని నేను చూడలేదు.